తలుపు తోసి చూడాలి: కెంట్ పల్లె చర్చిల్లో మూడు రోజులు

మొదటి చర్చి దగ్గరే మేం వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్లం. పాత ఓక్ తలుపు, దానికి గాజు సైజులో ఒక ఇనుప కడియం. లాగాను, రాలేదు. తోశాను, కదల్లేదు. "తాళం వేసినట్టున్నారు, పదండి" అన్నాను. కారు దాకా వచ్చేశాక, కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన మా వాలకం చూసి, కడియం తిప్పి భుజంతో నెట్టమని చేత్తో అభినయించి చూపించి తన దారిన వెళ్లిపోయాడు. మా ఆయన భుజం పెట్టాడు. లోపల గొళ్లెం టక్కుమని లేచింది. తలుపు తెరుచుకుంది. లోపల మనిషన్నవాడు లేడు.

ఆ మూడు రోజుల్లో తొమ్మిది చర్చిలు చూశాం. నిజంగా తాళం వేసి ఉన్నవి రెండే. మిగతావి మూసి ఉన్నట్టు కనిపిస్తాయి, అంతే. ఇంగ్లండ్ పల్లె చర్చి తలుపు ఎప్పుడూ మూసినట్టే ఉంటుంది. అందుకే ఈ ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: సిగ్గుపడకుండా గట్టిగా తోయండి.

మేం క్రైస్తవులం కాదు. లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్లాం. టికెట్ కొని, లైన్లో నిలబడి, చెవిలో గైడ్ మాటలు వింటూ చూసే పెద్ద కథీడ్రళ్లు రెండు చూసేసరికి నా కాళ్లు పోయాయి. "అమ్మా, ఈసారి టికెట్టూ లేదు, లైనూ లేదు, జనమూ ఉండరు" అని లండన్‌కి ఆగ్నేయంగా ఉన్న కెంట్ జిల్లా పల్లెలకు అమ్మాయి ఈ ప్లాన్ వేసింది. ఖాళీ చర్చిలు చూడ్డానికి మూడు రోజులు లీవు పెట్టడమేంటని మా ఆయన గొణిగాడు. నేనూ మనసులో అదే అనుకున్నాను.

ఇంగ్లండ్ అధికారిక క్రైస్తవ సంస్థ అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చేతిలో దాదాపు 16,000 చర్చి భవనాలున్నాయి. ఆ దేశం గ్రేడ్ వన్ అని అత్యున్నత రక్షణ ఇచ్చిన కట్టడాల్లో 45 శాతం దాకా ఈ చర్చిలే. వాటిలో చాలావరకు పల్లెల్లో ఉన్నాయి. ఆ పల్లెల్లో జనం తక్కువ, ప్రార్థనకు వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఒకే పాస్టరు గారు ఐదారు ఊళ్లు చూసుకుంటారు కాబట్టి, ఒక్కో చర్చిలో నెలకు ఒకటో రెండో ఆదివారాలే ఆరాధన ఉంటుంది. మిగతా రోజుల్లో ఊళ్లోని ఎవరో ఒకరు పొద్దున్నే తలుపు తీసి, చీకటి పడే ముందు మూస్తారు. కాపలా ఉండదు. గోడకు ఒక విరాళాల డబ్బా ఉంటుంది, కొన్నిచోట్ల పక్కనే కార్డు తాకించే మెషీను. పైకప్పు మీది సీసం రేకులు ఎత్తుకుపోయే దొంగల భయం వాళ్లకు ఎప్పుడూ ఉండేదే. అయినా జనం వచ్చిపోయే చర్చే క్షేమమన్నది అక్కడి మాట.

టోన్‌బ్రిడ్జ్ నుంచి కారులో పది నిమిషాలు వెళితే ట్యూడ్లీ. బయటి నుంచి చూస్తే ఏమీ లేదు. ఇటుక గోపురం, పక్కన పొలాలు. లోపలికి వెళ్లగానే మాత్రం నీళ్లలో మునిగినట్టు నీలం. ఆ ఊరి దగ్గర ఉండే ఒక సంపన్న కుటుంబంలో సారా అనే అమ్మాయి 1963లో పడవ ప్రమాదంలో మునిగి చనిపోయింది. వయసు 21. ఆమె జ్ఞాపకంగా తూర్పు కిటికీకి రంగుటద్దాలు చేయమని తల్లిదండ్రులు చిత్రకారుడు మార్క్ షగాల్‌ని అడిగారు. 1967లో ఆ కిటికీ పెట్టడానికి వచ్చిన షగాల్, ఈ చర్చి చూసి ముచ్చటపడి, మిగతా కిటికీలన్నీ కూడా తనే చేస్తానన్నాడట. అలా మొత్తం పన్నెండు. చివరివి 1985లో అమరాయి, ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. సారా తండ్రి యూదుడు, షగాల్ యూదుడు, చర్చి మాత్రం చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ది. ఈ సంగతి చదివాక ఆ నీలం నాకు ఇంకో రకంగా కనిపించింది.

తూర్పు కిటికీ అడుగు భాగంలో అలల మీద తేలుతున్న అమ్మాయి ఉంటుంది. పైన నిచ్చెన. నేను అక్కడ కూర్చుని ఎంతసేపున్నానో తెలీదు. మా అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆడపిల్లల తల్లులు ఆ కిటికీ ముందు ఒంటరిగా కూర్చోకపోవడమే మంచిది. సలహా: ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. మబ్బు పట్టిన రోజు సగమే కనిపిస్తుంది. తీసేసిన పాత కిటికీ అద్దాలను పారేయకుండా పక్క గదిలో పెట్టారు, అది చూడ్డం మర్చిపోకండి.

అక్కడి నుంచి రామ్నీ మార్ష్. కెంట్ దక్షిణపు కొసన, సముద్రం నుంచి మనుషులు లాక్కున్న చిత్తడి నేల. కనుచూపు మేర చదును, మధ్యలో మురుగు కాలువలు, గొర్రెలు. ఈ కాస్త నేలలో మధ్యయుగాల నాటి చర్చిలు పద్నాలుగు మిగిలాయి. రోడ్లు సన్నం, రెండు పక్కలా కాలువలు, మలుపులు లంబకోణంలో. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ప్రతిసారీ మేమే వెళ్లాం.

ఇంటర్నెట్‌లో అందరూ ఫోటో పెట్టేది ఫెయిర్‌ఫీల్డ్ చర్చి. ఊరు లేదు, ఇల్లు లేదు, గడ్డి మధ్యలో ఒంటరిగా చిన్న ఇటుక కట్టడం, చుట్టూ నీళ్లు, గొర్రెలు. 1170లో క్యాంటర్‌బరీలో హత్యకు గురైన ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ పేరు మీద ఉంది. 1913లో కట్ట వేసేవరకు వానాకాలంలో పడవ మీదో గుర్రం మీదో వచ్చేవాళ్లట. ఒకప్పుడు తాళం చెవి దగ్గర్లోని పొలం ఇంటి దగ్గర తెచ్చుకోవాల్సి వచ్చేది, మేం వెళ్లినప్పుడు తలుపు తీసే ఉంది. బయట ఇటుక ఉన్నా లోపల అస్థిపంజరమంతా కలపే. మన పాత పెంకుటిళ్ల దూలాలు గుర్తొచ్చాయి. తెల్ల రంగు వేసి నల్ల అంచు దిద్దిన పెట్టెల్లాంటి బల్లలు, వాటికి చిన్న తలుపులు. మూడంతస్తుల పల్పిట్, అంటే ప్రసంగం చేసే వేదిక.

ఫోటోకి బాగుంది, నిజమే. కానీ ఇరవై నిమిషాల్లో చూసేశాం. గొర్రెల పెంట తొక్కుకుంటూ పొలం దాటి వెళ్లాలి కాబట్టి చెప్పులతో వెళ్లకండి, నేను వెళ్లి అనుభవించాను. దీనికోసమే ఇంత దూరం వస్తే కొంచెం నిరాశ తప్పదని నా అభిప్రాయం. మా ఆయన ఒప్పుకోడు. ఆయన ఫోనులో వాల్‌పేపర్ ఇప్పటికీ అదే.

నన్నడిగితే బ్రుక్‌లాండ్ చర్చికి రెండు గంటలు కేటాయించండి. గంట గోపురం చర్చి మీద ఉండదు, పక్కన నేల మీద నిలబడి ఉంటుంది. మూడు చెక్క గొడుగులు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు. మెత్తటి నేల ఆ బరువు మోయలేదని విడిగా కట్టారంటారు. ఊళ్లో చెప్పుకునే కథ వేరే. ఇక వీళ్లకు పెళ్లి కాదని అందరూ వదిలేసిన ఒక ముదురు జంట పెళ్లికి వచ్చిందట. అది చూసి ఆశ్చర్యంతో గోపురం కిందికి దూకేసిందట.

లోపల ఉన్న బాప్తిస్మపు తొట్టి సీసంతో పోత పోసినది, 12వ శతాబ్దానిది. అలాంటి పాత సీసపు తొట్లు ఇంగ్లండ్ మొత్తం మీద ముప్పై దాకా మిగిలాయి. దాని చుట్టూ రెండు వరుసల బొమ్మలు. పైన పన్నెండు రాశులు, కింద ఆయా నెలల్లో రైతు చేసే పనులు. చర్చిలో రాశులేంటి! మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని తన వృశ్చికం కోసం వెతికాడు. దొరికింది, కానీ నాకైతే కప్పలా కనిపించింది. ఆ పనివాడు జన్మలో తేలును చూసి ఉండడు. ఫిబ్రవరికి పనేమీ లేదు, మనిషి నిప్పు దగ్గర కూర్చుని చలి కాచుకుంటున్నాడు. ఆ తొట్టి చుట్టూ నాలుగు సార్లు తిరిగాను, ప్రదక్షిణలా.

మూలన నిలువు పెట్టె ఒకటి ఉంది, సెంట్రీ నిలబడే గూడులా. దాన్ని హడ్ అంటారు. వానలో ఎవరినైనా సమాధి చేసేటప్పుడు దాన్ని మోసుకెళ్లి పక్కన పెడితే, పాస్టరు గారు అందులో నిలబడి తడవకుండా ప్రార్థన చదివేవారు. చనిపోయినవాళ్ల బంధువులు మాత్రం వానలోనే. గోడ మీద బెకెట్ హత్య చిత్రం కూడా ఉంది, వెలిసిపోయి, చూపిస్తే తప్ప తెలీనంతగా. ఇంగ్లండ్ క్యాథలిక్ మతం నుంచి విడిపోయిన మతసంస్కరణ రోజుల్లో ఇలాంటి బొమ్మలన్నిటి మీదా సున్నం కొట్టారు. ఆ సున్నం కిందే కొన్ని బతికిపోయాయి.

ఓల్డ్ రామ్నీ చర్చిలో బల్లలు గులాబీ రంగు. 1960ల్లో సినిమా షూటింగ్‌కి వచ్చినవాళ్లు ఆ రంగు వేస్తే ఊరివాళ్లకు నచ్చి అలాగే ఉంచుకున్నారు. ఆ సినిమాతో సంబంధం లేని ఇంకో దర్శకుడు డెరెక్ జార్మన్ సమాధి బయట యూ చెట్టు దగ్గర ఉంది, నల్ల రాయి మీద ఆయన సంతకం తప్ప ఏమీ లేదు. స్నార్గేట్‌లో గోడ మీద ఓడ బొమ్మ చూసి వచ్చేశాం. ఉన్ని దొంగతనంగా దాటించి, పొగాకు, బ్రాందీ తెచ్చిన ముఠాల కథలు ఈ ప్రాంతంలో ప్రతి చర్చికీ ఉన్నాయి.

బసల సంగతి. మొదటి రాత్రి ఒక పల్లెలో రూము ముందే బుక్ చేశాం. ముగ్గురమని స్పష్టంగా రాసినా రెండు మంచాలే ఉన్నాయి. పెద్దావిడ క్షమాపణ చెప్పి ఒక పరుపు తెచ్చి నేల మీద వేసింది, డబ్బు మాత్రం ముగ్గురికీ తీసుకుంది. మా అమ్మాయికి ఒళ్లు మండింది. పల్లెల్లో రెండో చోటు వెతకడం కుదరదు కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి మంచాల లెక్క మరోసారి చెప్పించుకోవడం మేలు.

రెండో రాత్రి చర్చిలోనే పడుకున్నాం. అవును, అద్దెకిస్తారు. ఆరాధనలు ఆగిపోయిన చర్చిలను చూసుకోవడానికి 1969లో పెట్టిన సంస్థే ఇప్పటి చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్. దాని చేతిలో 350కి పైగా చర్చిలున్నాయి. వాటిలో కొన్నిటిని వసంతం నుంచి శరదృతువు దాకా రాత్రి బసకు ఇస్తారు. చాంపింగ్ అని పేరు. సాయంత్రం ఆరుకి వెళ్లి పొద్దున్న పదికల్లా ఖాళీ చేయాలి, ఆ రాత్రి చర్చి మొత్తం మీదే. మేం ఉన్నది క్యాంటర్‌బరీ పక్కన ఫోర్డ్‌విచ్‌లో. స్టౌర్ నది ఒడ్డున, నాలుగు వందల లోపు జనంతో, ఇంగ్లండ్‌లో అతి చిన్న టౌన్ మాదేనని చెప్పుకునే ఊరు. క్యాంటర్‌బరీ కథీడ్రల్‌కి రాయి ఒకప్పుడు ఇక్కడి రేవులోనే దిగేది. మడత మంచాలు, కెటిల్, బ్యాటరీ కొవ్వొత్తులు ఉన్నాయి. నిజం నిప్పు వెలిగించకూడదు. చర్చిలో చెక్కిన పాత రాయి ఒకటి ఉంది, పెంకులు కప్పిన చిన్న ఇల్లులా. ఏదో పునీతుడి సమాధి మందిరంలో భాగమని అంచనా. నా మంచం దానికి దగ్గర్లోనే.

హీటింగ్ ఉండదు. మే నెలలో కూడా రాతి నేల నుంచి చలి ఎముకల్లోకి పాకింది. తెచ్చుకున్న రెండు శాలువాలూ కప్పుకున్నాను, ఆ తర్వాత మా ఆయన స్వెట్టర్ కూడా. దూలాలు కిర్రుమన్నప్పుడల్లా మెలకువ. సమాధుల పలకల మధ్య పడుకున్నామని మాత్రం ఎవరమూ నోరెత్తలేదు. కానీ తెల్లవారుజామున తూర్పు కిటికీలోంచి వెలుగు మెల్లగా నేల మీదికి దిగడం చూశాక, చలి గురించి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదనిపించింది. కుర్రాళ్లు తప్పకుండా ఒకసారి ఉండాలి. అరవై దాటినవాళ్లు, రాత్రి రెండుసార్లు లేచేవాళ్లు టాయిలెట్ ఎక్కడుందో, ఎలాంటిదో ముందే కనుక్కుని నిర్ణయించుకోండి. ఒక్కో చర్చిలో ఒక్కో ఏర్పాటు.

కారు లేకుండా ఈ యాత్ర కష్టం. ఫోర్డ్‌విచ్‌కి పక్కనే స్టర్రీ స్టేషన్ ఉంది కాబట్టి అది ఒక్కటే సులువు. మార్ష్‌కి ఆపిల్‌డోర్ స్టేషన్ ఉంది కానీ అక్కడ దిగాక చర్చిలకు మైళ్లు నడవాలి. చర్చి ముందు వాకిట్లో వైరు మెష్ తలుపు కనిపిస్తే వెళ్లేటప్పుడు మూసేయండి. పిచ్చుకలు లోపలికి దూరి దారి తెలీక చచ్చిపోతాయని బోర్డు ఉంటుంది. సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని పెడతారు, మామూలుగా మూసి ఉండేవి కూడా అప్పుడు తీస్తారు.

తాళం వేసి ఉన్న రెండిట్లో ఒకదానికి నోటీసే లేదు. రెండోదాని తలుపు మీద ఫోన్ నంబరు ఉంది. మా అమ్మాయి చేసింది. పది నిమిషాల్లో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఒకాయన వచ్చాడు, చేతిలో జానెడు పొడవు ఇనుప తాళం చెవి. మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. తలుపు తీసి, చెవి మా ఆయన చేతిలో పెట్టి, "లైట్లు ఆర్పేసి, తాళం వేసి, ఎదురు సందులో ఆకుపచ్చ తలుపు ఇల్లు, ఉత్తరాల సందులోంచి లోపల వేసేయండి" అని వెళ్లిపోయాడు. మేమెవరమో, ఏ దేశమో అడగలేదు.

మా ఆయన ఆ చెవిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని తిరిగాడు. చర్చి ఏమంత గొప్పది కాదు, అరగంటలో అయిపోయింది. లైట్లు ఆర్పామో లేదో రెండుసార్లు చూసి, తాళం వేసి, ఆకుపచ్చ తలుపు దగ్గరికి వెళ్లాం. ఉత్తరాల సందులో ఆ చెవి పట్టలేదు. నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు. చివరికి బెల్లు కొట్టక తప్పలేదు. ఆయన ఫోర్కు చేత్తో పట్టుకునే తలుపు తీశాడు. "ఎవరికీ పట్టదు లెండి" అన్నాడు.