ఫ్లోరిడా సంతకాల తనిఖీ: ఆఫీసులో సరే, గుమ్మం దగ్గరే పేచీ

ఫ్లోరిడాలో పౌరులే సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను ఓటింగుకు తీసుకురావచ్చు. ఆ సంతకాలను సరిచూసే పనికి ప్రభుత్వం ప్రతిపాదకుల దగ్గర రుసుము తీసుకుంటుంది కాబట్టి, ఏ సేవనైనా బేరీజు వేసినట్టే దీన్నీ వేయవచ్చు. గర్భస్రావ హక్కు కోసం 2024లో ఓటింగుకు వచ్చిన నాలుగో సవరణ ప్రతిపాదన విషయంలో ఈ తనిఖీ రెండు విధాలుగా జరిగింది.

కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయంలో జరిగే తనిఖీకి వంక పెట్టలేము. ఫారంలోని వివరాలను ఓటరు రికార్డుతో పోల్చి, సంతకాన్ని రికార్డులో ఉన్న సంతకం పక్కన పెట్టి చూసి, ఆమోదించడమో తిరస్కరించడమో చేస్తారు. కావలసిన 8,91,523 సంతకాలకు మించే చెల్లాయని జనవరిలోనే తేలింది.

పేచీ అంతా సెప్టెంబరులో వచ్చింది. ఓటింగుకు ఇంచుమించు రెండు నెలలే ఉన్న సమయంలో, అప్పటికే ఆమోదం పొందిన సంతకాల గురించి అడగడానికి రాష్ట్ర పోలీసులు కొందరు ఓటర్ల ఇళ్లకు వెళ్లారు. వచ్చిన అధికారి దగ్గర తన డ్రైవింగ్ లైసెన్సు నకలు, తాను సంతకం చేసిన ఫారం ఉన్నాయని ఒక ఓటరు చెప్పారు. ఆ సంతకం నిజంగా ఆయనదే. సవరణను బహిరంగంగా వ్యతిరేకిస్తున్న గవర్నరు రాన్ డిశాంటిస్ మాత్రం, మోసం జరిగిందన్న ఆరోపణలపైనే విచారణ అని సమర్థించుకున్నారు.

దొంగ సంతకాలు ఉండవని నేను అనను. కూలికి సంతకాలు సేకరించినవారిని ఆ రాష్ట్రంలో అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. అయితే అనుమానం సేకరించినవారి మీద ఉన్నప్పుడు పోలీసు వెళ్లి నిలబడింది సంతకం చేసినవారి గుమ్మంలో. అడిగింది మర్యాదగానే కావచ్చు, కానీ తాను ఏ పక్షమో ప్రభుత్వానికి తెలిసిపోయిందన్న బెరుకు ఓటరుకు పుట్టడానికి ఆ రాక ఒక్కటే చాలు. ఓటర్లను బెదిరించడాన్ని అమెరికాలో 1965 నాటి ఓటు హక్కు చట్టం నిషేధించింది. ఈ రాకపోకలు ఆ నిషేధం కిందికి వస్తాయా అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన మాటే అయినా, సేవగా చూస్తే నాసిరకమని చెప్పడానికి తీర్పు అక్కర్లేదు.

నవంబరులో సవరణకు 57 శాతం ఓట్లు వచ్చాయి, కావలసినవి 60 శాతం. ఈ తనిఖీల వల్లే ఓడిందనడానికి ఆధారమేమీ లేదు, నేను మార్కులు తగ్గించింది అందుకు కాదు. సంతకం మీదేనా అని అడగడానికి ఉత్తరం సరిపోతుంది. 2025లో వచ్చిన కొత్త చట్టం సేకరణను చాలా కఠినం చేసినా, సంతకం ఆమోదం పొందిన ఓటరుకు తపాలాలో సమాచారం పంపాలని కూడా చెప్పింది.