నిలదీయడమా, చెప్పనివ్వడమా: విచారణకు ఏది మేలు?

వడ్ల కొనుగోళ్లు మొదలై తూకం మీద ఫిర్యాదులు వచ్చే రోజుల్లో, నల్లగొండ, మిర్యాలగూడ వైపు ప్రాథమిక విచారణకు వెళ్లే ఉద్యోగులు తరచూ ఒకటే అడుగుతుంటారు: ఎదుటి మనిషిని మొదటే నిలదీసి, ముఖం చూసి నిజం తేల్చుకోవాలా, లేక అతణ్ని చెప్పనిచ్చి, విన్నదాన్ని తర్వాత సరిచూసుకోవాలా?

నిలదీసే పద్ధతిని అమెరికాలో జాన్ రీడ్ అనే మాజీ పోలీసు శిక్షణగా మలిచాడు. మన దగ్గర సీనియర్లను చూసి నేర్చుకుంటారు. పని త్వరగా తెములుతుంది కాబట్టి ఫైలు మూయాలని తొందరపడే పైఅధికారికి ఇది నచ్చుతుంది. కానీ ఇందులో అధికారి ధీమా అంతా ఒంటి తీరు అబద్ధాన్ని పట్టిస్తుందన్న నమ్మకం మీదే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగా గుర్తుపట్టింది సగటున 54 శాతమే. అబద్ధాలు పట్టడం వృత్తిలో భాగమైనవారూ అంతకంటే మెరుగ్గా లేరు. పాలమూరు పల్లెల్లో ఈ లెక్క ఇంకా తప్పుతుందని నా అనుమానం. అక్కడ పెద్దవయసు మనిషి కూడా అధికారి ముందు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుంటాడు, కుర్చీ చూపినా కూర్చోడు, కళ్లలోకి చూడడు. అది మర్యాద; దాన్ని దొంగచూపుగా రాసుకుంటే విచారణ అక్కడే దారి తప్పుతుంది.

గిల్డ్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్ బాంబు కేసుల్లో నిర్దోషులు ఏళ్ల తరబడి జైల్లో మగ్గారని తేలిన తర్వాత, 1990లలో ఇంగ్లాండ్, వేల్స్ పోలీసులు 'పీస్' (PEACE) అనే రెండో పద్ధతికి, అంటే ముందు చెప్పనిచ్చే పద్ధతికి, మారారు. దీనికి ఓపిక కావాలి, ముందుగా కాగితాలు చదివి వెళ్లాలి, ఒక్కొక్కరికి సగం పూట పట్టవచ్చు. అయినా నేను దీనివైపే మొగ్గుతాను. కారణం, ఇందులో వచ్చిన మాటను గది బయట సరిచూసుకోవచ్చు.

బస్తాకు నలభై కిలోలకు మించి తూచారన్న ఫిర్యాదునే తీసుకుందాం. "ఎక్కువ తూచినవా లేదా?" అంటే హమాలీ "లేదు సారు" అంటాడు; ఆ 'లేదు'ను పట్టుకుని ఎక్కడికీ పోలేము. "ఆ దినం పొద్దుగాల నుంచి ఏం జరిగిందో చెప్పే అన్నా" అని ఊరుకుంటే, వడ్లలో తేమ పదిహేడు శాతం దాటిందని బస్తాకు ఇంత కలపమన్నారనీ, లారీ నింపేసరికి దీపాలు పెట్టారనీ చెప్పుకొస్తాడు. ఇక తేమ రిజిస్టరు, లారీలో పంపిన బస్తాల లెక్క ఉండే ట్రక్ షీటు, మిల్లు దగ్గరి కాంటా చీటీ, మూడూ మాట్లాడతాయి. అయితే అతని మాట పూర్తయ్యేదాకా ట్రక్ షీటు బయటపెట్టకూడదు. ముందే చూపిస్తే కథ కాగితానికి తగ్గట్టు అల్లుకుంటుంది.

పోలీసు విచారణలో చట్టం కూడా ఇటే ఉంది: బెదిరింపుతోనో ఆశచూపో రాబట్టిన ఒప్పుకోలు భారతీయ సాక్ష్య అధినియమం 22వ సెక్షన్ ప్రకారం చెల్లదు. లై డిటెక్టర్ సంగతంటారా, సమ్మతి లేకుండా చేయరాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మండల స్థాయి విచారణలో దాని ప్రస్తావనే అనవసరం.

ముఖాన్ని అసలు చూడొద్దని కాదు. కొనుగోలు కేంద్రం ఇన్‌ఛార్జి లోపలికి రాగానే హమాలీ గొంతు తగ్గితే, అది నేరానికి రుజువు కాదు, ఇన్‌ఛార్జిని బయటకు పంపి అదే ప్రశ్న మళ్లీ అడగాలన్న సూచన. తర్వాత వాంగ్మూలాన్ని అతని మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సరేనన్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.