గ్యాస్ మోవరా, బ్యాటరీ మోవరా, చేత్తో తోసే రీలా: ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ లాంటి ఊళ్లలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లకు మార్చి నెలాఖరుకల్లా గడ్డి టెన్షన్ మొదలవుతుంది. వారాంతంలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా వీసాలు, స్టాకులు అయ్యాక మాట అక్కడికే వస్తుంది: గ్యాస్ మోవర్ తీసుకున్నావా, బ్యాటరీదా? మోవర్ అంటే గడ్డి కోసే మిషన్, గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోల్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గడ్డి పావు ఎకరం లోపు ఉంటే బ్యాటరీదే మేలు. కానీ అందరూ చెప్పే కారణానికి కాదు. "బ్యాటరీ అయితే సేఫ్ కదా" అంటారు చూడండి, ఆ మాటతోనే నాకు పేచీ.

ముందు గడ్డి ఎంతుందో చూసుకోండి. కాగితాల్లో 7,000 చదరపు అడుగుల లాట్ (ఇంటి స్థలం) అని ఉన్నా, ఇల్లు, డ్రైవ్‌వే, పాటియో పోగా మిగిలే గడ్డి అందులో సగం ఉంటే గొప్ప. 21 అంగుళాల వెడల్పున కోసే మోవర్‌తో మామూలు నడకన తిరిగితే అంత గడ్డి అరగంటలోపే అయిపోతుంది. తర్వాత గడ్డి రకం. బెర్ముడా సన్నగా, దట్టంగా పాకుతుంది. దాన్ని ఒకటి, రెండు అంగుళాల ఎత్తులో ఉంచితే చాలు. సెయింట్ అగస్టీన్ ఆకు వెడల్పు, కాడ లావు. రెండున్నర నుంచి నాలుగు అంగుళాల దాకా ఉంచాలి, మరీ కిందికి కోస్తే టెక్సస్ ఎండకు మాడిపోతుంది. ఏ గడ్డి అయినా ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయకూడదు. ఇండియా వెళ్లొచ్చేసరికి ఎత్తుగా పెరిగిపోయిందనుకోండి, మొదటిరోజు పై సెట్టింగ్‌లో ఒకసారి కోసి, నాలుగు రోజులాగి రెండోసారి కోయాలి. అప్పటికే నోటీసు వచ్చి ఉంటుందనుకోండి, అది వేరే సంగతి. డాలస్ నగరంలో గడ్డి 12 అంగుళాలు దాటకూడదు. కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్లు అంతవరకు కూడా ఆగరు.

గ్యాస్ మోవర్‌కు బలం ఎక్కువ, ధర తక్కువ. తోసుకెళ్లే రకం మూడొందల డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. అసలు కథ పెట్టె విప్పాక మొదలవుతుంది. కొత్త మిషన్ ఇంజన్‌లో చాలావాటికి ఆయిల్ ఉండదు, చిన్న సీసా విడిగా ఇస్తారు. అది పోయకుండా స్టార్ట్ చేసే తాడు లాగితే ఇంజన్ కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది, వారంటీ కూడా పనిచేయదు. మోవర్‌ని చదునైన చోట పెట్టి, సీసాలో ముప్పాతిక పోసి, రెండు నిమిషాలాగి, ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తుడిచి చూడాలి. గీత దాకా మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కువైతే తెల్లపొగ వస్తుంది. హ్యాండిల్ విప్పేటప్పుడు కేబుల్ మడతలో నలిగిందేమో చూడండి. అది నలిగితే హ్యాండిల్ వదిలినా మిషన్ ఆగకపోవచ్చు.

గ్యాస్ పోయడంలో ఇంకో తిరకాసు ఉంది. పంపు దగ్గర 'అన్‌లెడెడ్ 88' అని చవగ్గా కనిపించేది ఇథనాల్ 15 శాతం ఉన్నది. కారుకు సరే, మోవర్‌కు పనికిరాదు. 10 శాతం లోపు ఉన్నదే పోయాలి. ఇండియాలో పాత స్కూటర్లు నడిపిన పెద్దవాళ్లు అలవాటుగా "ఆయిల్ కలిపావా?" అని అడుగుతారు. ఈ మోవర్లు ఫోర్ స్ట్రోక్‌వి, పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. నెల దాటిన గ్యాస్‌తో స్టార్టింగ్ ట్రబుల్ మొదలవుతుంది, చలికాలమంతా ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగురుపట్టిపోతుంది. ఏప్రిల్‌లో తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకునేవాళ్లలో ఎక్కువమందికి జబ్బు ఇదే. నవంబరులో ఆఖరిసారి కోసేటప్పుడు గ్యాస్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ ద్రవం కలపడమో, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపించడమో చేస్తే ఆ బాధ ఉండదు. టెక్సస్ ఇళ్లలో వాటర్ హీటర్ చాలాచోట్ల గ్యారేజ్‌లోనే ఉంటుంది, దాని కింద మంట ఉండొచ్చు. కాబట్టి గ్యాస్ పోసేది బయట, అదీ ఇంజన్ చల్లారాక. గ్యారేజ్‌లో మోవర్ స్టార్ట్ చేసి చూడటం కూడా వద్దు, తలుపు ఎత్తి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియదు.

బ్యాటరీ మోవర్‌కు ఈ సంసారమంతా లేదు. హ్యాండిల్ విప్పి లాకులు క్లిక్‌మనేదాకా నొక్కి, ఎత్తు సరిచేసుకుని, ఛార్జ్ ఎక్కించిన బ్యాటరీ దాని అరలో పెట్టి, తాళం (సేఫ్టీ కీ) పెడితే అయిపోయింది. చాలా మోడళ్లలో హ్యాండిల్ సరిగా లాక్ కాకపోతే మోటార్ తిరగదు. కొత్తవాళ్లు మిషన్ పాడైందని వెనక్కి ఇచ్చేయబోయేది ఇక్కడే. 56 వోల్టుల, 7.5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పట్టే కరెంటు అర యూనిట్ కన్నా తక్కువ. ఒక ఛార్జ్‌కు పది సెంట్లు కూడా ఖర్చవదు. ఖర్చంతా బ్యాటరీ మార్చాల్సిన రోజున ఉంది, దాని ధర మోవర్ ధరలో సగం దాకా వెళ్తుంది. అందుకే దాన్ని కాపాడుకోవాలి. కోయడం అవ్వగానే వేడి బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే చల్లారేదాకా చాలా ఛార్జర్లు కరెంటు ఎక్కించవు. జూలైలో గ్యారేజ్ కొలిమిలా ఉంటుంది కాబట్టి ఇంట్లోకి తెచ్చుకోవడమే మేలు. గడ్డకట్టే చలిలోనూ ఛార్జ్ చేయకూడదు. లోపల లిథియం దెబ్బతింటుంది.

ఇక సేఫ్టీ మాట. గ్యాస్ మోవర్ ఆన్‌లో ఉందని మూడిళ్ల అవతలివాళ్లకు కూడా తెలుస్తుంది. ఇంజన్ ఆగితే ఆ నిశ్శబ్దమూ తెలుస్తుంది. బ్యాటరీ మోవర్ అలా కాదు. తడి గడ్డి గుట్టలా అడ్డుపడి మోటార్ తనంతట తాను ఆగిపోతుంది. చప్పుడు లేదు, పొగ లేదు, వేడి లేదు. ఆఫ్ అయిపోయిందనిపిస్తుంది, చెయ్యి డెక్ (బ్లేడు మీది కప్పు) కిందికి వెళ్తుంది. తాళం మాత్రం ఇంకా మోవర్‌కే ఉంటుంది. గ్యాస్ దాంట్లో స్పార్క్ ప్లగ్ వైరు పీకడమెలాగో, ఇందులో తాళం తీసి జేబులో వేసుకుని బ్యాటరీ బయటకు లాగడం అలాగ. ఫోన్ వచ్చినా, మంచినీళ్లకు వెళ్లినా తాళం జేబులోనే ఉండాలి. బటన్ నొక్కి హ్యాండిల్‌కున్న కడ్డీ పట్టుకుంటే చాలు తిరుగుతుంది, ఎనిమిదేళ్ల పిల్లాడికి అదేం పెద్ద పని కాదు. గ్యాస్ మోవర్ తాడు లాగడం వాడి వల్ల అంత సులువుగా కాదు. ఇంకోటి, చప్పుడు తక్కువ కదా అని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటూ కోస్తుంటారు. వెనక నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చినా వినపడదు. గ్యాస్ మోవర్‌కైతే చెవులు మూసే మఫ్స్ నిజంగానే అవసరం, గంటల కొద్దీ వింటే వినికిడి దెబ్బతినే చప్పుడు అది.

బ్లేడు దగ్గరికి వస్తే రెండూ ఒకటే. అమెరికా ప్రమాణం ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. దానికి తగిలిన గులకరాయి ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కోసే ముందు ఒకసారి గడ్డంతా నడవాలి: రాళ్లు, పిల్లల బొమ్మలు, కుక్క నమిలి వదిలేసిన ఎముక, లోపలికి దిగకుండా పైకే ఉండిపోయిన స్ప్రింక్లర్ తల. కళ్లద్దాలు పెట్టుకోవాలి. కాళ్లకు మూసి ఉండే బూట్లు. ఈ బూట్ల దగ్గరే మనింట్లో ప్రతి వేసవీ గొడవ జరుగుతుంది. ఆరు నెలలకని వచ్చిన నాన్నగారో, మావయ్యగారో ఊరికే కూర్చోలేక హవాయి చెప్పులతోనే మోవర్ పట్టుకుంటారు. "మీరు వద్దండీ" అంటే వినరు. బూట్లు, అద్దాలు వాళ్ల చేతికిచ్చి, మొదటిరోజు పక్కన ఉండి చూపించడమే దారి.

పిల్లల సంగతికి వస్తే, ఇలా వెనక నడుస్తూ నడిపే మోవర్‌ను 12 ఏళ్లు నిండకుండా ముట్టుకోనివ్వొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, ఎక్కి నడిపేదాన్ని 16 నిండాకే. కోస్తున్నంతసేపూ చిన్నపిల్లలు ఇంట్లోనే ఉండాలి. పాదాలకు దెబ్బ తగిలే అవకాశం మోవర్‌ను వెనక్కి లాక్కునేటప్పుడు ఎక్కువ: కంచె దగ్గర మూలకు వెళ్లి, తిప్పడానికి చోటు లేక గుంజుతారు, కాలు జారితే డెక్ నేరుగా పాదం మీదికి వస్తుంది. తప్పనిసరైతే వెనక చూసుకుని లాగాలి, వీలైతే ఆపేసి లాగాలి. వాలులో అడ్డంగా నడవాలి, పైకీ కిందికీ కాదు. తనంతట తానే ముందుకు కదిలే సెల్ఫ్ ప్రొపెల్డ్ మోవర్ కొనేవాళ్లు దాని వేగం తగ్గించి మొదలుపెట్టాలి; మలుపు దగ్గర అది మిమ్మల్నే లాక్కుపోతుంది. తడి గడ్డిలో కోయడం ఏ మిషన్‌కూ మంచిది కాదు. కాలు జారుతుంది, డెక్ కింద ముద్దకడుతుంది.

చేత్తో తోసే రీల్ మోవర్‌ను మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. నాకైతే దాని మీద కొంచెం మమకారం. 1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. తిరిగే బ్లేడ్లు కింద కదలని పట్టీకి ఆనుతూ కత్తెరలా కోస్తాయి. కోత నున్నగా ఉంటుంది, రాళ్లు ఎగరవు, ఆయిల్ లేదు, ఛార్జింగ్ లేదు. దీన్ని సెట్ చేయడమంతా ఒక కాగితం ముక్కతో అయిపోతుంది. బ్లేడుకూ పట్టీకీ మధ్య కాగితం అంచు పెట్టి, చేతులు దూరంగా ఉంచి చక్రం మెల్లగా తిప్పితే అది పీకినట్టు కాకుండా చక్కగా తెగాలి. తెగకపోతే రెండు వైపులా ఉన్న స్క్రూలు కొంచెం కొంచెం తిప్పుతూ మళ్లీ చూడాలి. ఎడమవైపు తెగి కుడివైపు మడతపడితే కుడి స్క్రూ మాత్రమే. పుల్ల అడ్డుపడినప్పుడు జాగ్రత్త: చక్రం అర అంగుళం కదిలినా రీల్ తిరుగుతుంది, వేలు పెట్టకుండా కర్రతో తీయాలి. రెండు వారాలు కోయకుండా వదిలేస్తే మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. బెర్ముడా ఉండి, ప్రతి వారం కోసే ఓపిక ఉంటేనే. సెయింట్ అగస్టీన్‌కు వద్దు.

వైరుతో నడిచే కరెంటు మోవర్‌ను అమెరికాలో సిఫార్సు చేయను, వైరు బ్లేడు కింద పడుతుందేమోనని ప్రతి మలుపులోనూ చూసుకోవాలి. హైదరాబాద్‌లో విల్లా ముందు నాలుగు చాపలంత సెలక్షన్ వన్ అనే రకం గడ్డి ఉన్న అమ్మానాన్నలకు మాత్రం అది పర్వాలేదు. ప్లగ్ పాయింట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. ప్లగ్ దగ్గర మొదలుపెట్టి దూరంగా జరుగుతూ కోయాలి, అప్పుడు వైరు ఎప్పుడూ కోసేసిన వైపే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ గ్యాస్ మోవర్లు ఇప్పుడు చవగ్గా వస్తున్నాయి. కాలిఫోర్నియా 2024 నుంచి కొత్త గ్యాస్ మోవర్లను ఆపే నిబంధన తెచ్చింది, హోండా 2023లో అమెరికాలో మోవర్ల తయారీ మానేసింది. పాత హోండా బాగున్నది దొరికితే వదలొద్దనే నేనంటాను, కానీ ఒక్క పరీక్ష పెట్టండి. 1982 జూన్ తర్వాత అమెరికాలో అమ్మడానికి తయారైన, వెనక నడుస్తూ నడిపే మోవర్లలో హ్యాండిల్ కడ్డీ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలనేది చట్టం. స్టార్ట్ చేయించి, కడ్డీ వదిలించి లెక్కపెట్టండి. కొందరు చెయ్యి నొప్పి అని ఆ కడ్డీని జిప్ టైతో హ్యాండిల్‌కు కట్టేస్తారు. అలాంటిది కనిపిస్తే ధర అడగకుండా తిరిగొచ్చేయండి, లోపల ఇంకేం చేశారో తెలియదు.

మొత్తానికి నేనైతే ఇలా చెబుతాను. సబర్బ్‌లో మామూలు లాట్, వారానికోసారి కోసే ఇల్లు: 21 అంగుళాల బ్యాటరీ మోవర్, మంచి బ్యాటరీ ఒకటి, తాళానికి చిన్న కీచైన్. అర ఎకరం, సెయింట్ అగస్టీన్, వాలు, పైగా మూడు వారాలకోసారి గుర్తొచ్చే యజమాని: గ్యాస్, సెల్ఫ్ ప్రొపెల్డ్. ఆయిల్ పేరెత్తితేనే విసుగొచ్చేవాళ్లు గ్యాస్ జోలికే వెళ్లొద్దు. చిన్న బెర్ముడా ముక్క, క్రమం తప్పని మనిషి: రీల్. ఏది కొన్నా బ్లేడుకు ఏడాదికోసారైనా సాన పట్టించండి. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. రెండు రోజులకు కొసలు తెల్లబడి కనిపిస్తే అదే గుర్తు. బ్లేడు విప్పడానికి గ్యాస్ మోవర్‌ను పక్కకు వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఇంజన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది. తిరిగి బిగించేటప్పుడు బ్లేడు తలకిందులు కాకుండా చూసుకోండి, చాలా బ్లేడ్ల మీద ఏ వైపు కిందికి ఉండాలో రాసే ఉంటుంది. గ్యాస్ నుంచి బ్యాటరీకి మారుతున్నవాళ్ల గ్యారేజ్‌లో పాత గ్యాస్ డబ్బా ఒకటి మిగిలిపోతుంది. అది కాలువలో పోయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఎక్కడుందో మీ నగరం వెబ్‌సైట్‌లో ఉంటుంది, డబ్బా మూత బిగించి అక్కడ ఇచ్చేయండి.