వీపు మీద మొటిమలకు ఏది మేలు: బెంజాయిల్ పెరాక్సైడా, శాలిసిలిక్ ఆమ్లమా?

గత వేసవిలో మా అక్క కొడుకు ఫోన్ చేసి సూటిగా అడిగాడు: "మామా, వీపు నిండా మొటిమలు. బెంజాయిల్ పెరాక్సైడ్ మంచిదా, శాలిసిలిక్ ఆమ్లం మంచిదా?" వాడి పెళ్ళికి అప్పటికి మూడు నెలలుంది. తిరుపతిలో ఇల్లు, రేణిగుంట దగ్గర ఉద్యోగం. వీపుకు బ్యాగు తగిలించుకుని, నలభై డిగ్రీల ఎండలో రోజూ బైకు మీద వెళ్ళి వస్తాడు. పెళ్ళికొడుకును చేసేరోజు చొక్కా తీసి పీట మీద కూర్చోవాలి, అత్తలూ పిన్నమ్మలూ వచ్చి నలుగు పెడతారు. వాడి బెంగంతా ఆ పీట గురించే. ముఖం మీద మొటిమ లేస్తే పదిమంది సలహా చెబుతారు. వీపు మీద లేస్తే మనిషి చొక్కా కింద దాచుకుని ఒంటరిగా బాధపడతాడు.

వాడి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేను ఒకటి అడిగాను: "దురద పెడుతున్నాయా, నొప్పి పెడుతున్నాయా?"

ఈ ప్రశ్న ముందు వేసుకోకపోతే మందుల పోలికకు అర్థమే లేదు. వీపు, ఛాతీ, భుజాల మీద చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ. ఆ నూనె, రాలిన చర్మకణాలు కలిసి వెంట్రుక కుదురును మూసేస్తే లోపల గాలి అందని చోట ఒక రకం బాక్టీరియా పెరుగుతుంది. చర్మం ఎర్రబడి వాస్తుంది, కొన్నిటికి చీము పడుతుంది. ఇవి అసలు మొటిమలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో నల్లటి తలలు (బ్లాక్‌హెడ్స్), తెల్లటి తలలు (వైట్‌హెడ్స్) కనిపిస్తాయి. నొక్కితే నొప్పి. ఇవి కాక, చూడటానికి అచ్చం మొటిమల్లాగే ఉండే పొక్కులు ఇంకొన్ని ఉన్నాయి. మలసేజియా అనే ఫంగస్ వెంట్రుక కుదుళ్ళలో పెరగడం వల్ల వస్తాయి. అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో, చిన్నగా, గుంపుగా ఉంటాయి. నల్లటి తలలు కనిపించవు. చెమట పడితే విపరీతమైన దురద. తలలో చుండ్రుకు కారణమయ్యేదీ ఈ జాతి ఫంగసే కాబట్టి, చుండ్రూ ఉంటే అనుమానం బలపడుతుంది. మన ఊళ్ళలో వీటిని చెమటకాయలని పౌడరు చల్లి ఊరుకుంటాం, లేదా మొటిమలని యాంటీబయోటిక్ మింగుతాం. యాంటీబయోటిక్ బాక్టీరియాను తగ్గిస్తుంది, ఫంగస్‌కు చోటు దొరుకుతుంది, పొక్కులు ఇంకా పెరుగుతాయి.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే జరిగింది. దురద పొక్కులకు ఒక మందుల దుకాణంలో ఏదో ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో ఎరుపు పోయింది, దురద ఆగింది. ఎంత మంచి మందో అనుకుని రెండు నెలలు పూశాను. మానేసిన వారానికి రెట్టింపయ్యాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని తర్వాత చర్మవైద్యుడు చెప్పారు. స్టెరాయిడ్ వాపును అణిచి రోగాన్ని దాచిపెడుతుంది, చర్మాన్ని పలచబరుస్తుంది, తానే మొటిమలు పుట్టిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులు చాలావాటిని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. అయినా అడిగితే చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి. దయచేసి అడగకండి.

మావాడి సంగతికొస్తే, నొప్పి ఉంది, దురద లేదు, నల్లటి తలలూ ఉన్నాయి. అసలు మొటిమలే. అప్పుడు రెండు మందులనూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకున్నాం.

శాలిసిలిక్ ఆమ్లం నూనెలో కరుగుతుంది. అందుకే నూనెతో నిండిన రంధ్రంలోకి దిగి అక్కడ పేరుకున్న మృతకణాలను వదులు చేస్తుంది. ఎక్కువగా రెండు శాతం వరకు ఉన్న బాడీ వాష్‌లు దొరుకుతాయి. పెద్ద సీసా వస్తుంది, వీపంతా రుద్దుకోవడం తేలిక, బట్టలకు ఏమీ కాదు. నల్లటి తలలు, గరుకుదనం ఎక్కువగా ఉండి, ఎర్రటి పొక్కులు తక్కువగా ఉన్నవారికి ఇది చాలు. కానీ బాక్టీరియా మీద దీని పట్టు అంతంతే. రాసి వెంటనే కడిగేస్తే ఆ కాస్త ప్రభావమూ నీళ్ళతో పోతుంది, కాబట్టి రెండు మూడు నిమిషాలు ఆగాలి.

బెంజాయిల్ పెరాక్సైడ్ పనిచేసే తీరే వేరు. అది చర్మంలోకి వెళ్ళి ఆక్సిజన్ విడుదల చేస్తుంది. గాలి లేని చోట బతికే బాక్టీరియా దాన్ని తట్టుకోలేదు. యాంటీబయోటిక్‌లకు అలవాటు పడి లొంగకుండా పోయినట్టు బాక్టీరియా దీనికి అలవాటు పడదు. చీము పొక్కులకు నా ఓటు దీనికే. మన మందుల దుకాణాల్లో ఎక్కువగా 2.5, 5 శాతాల జెల్ దొరుకుతుంది. మొదట తక్కువ శాతంతోనే మొదలుపెట్టాలి. శాతం పెరిగితే మంట పెరుగుతుంది తప్ప ఫలితం అదే లెక్కన పెరగదు. స్నానానికి ముందు పలచగా రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేస్తే చర్మం పొడిబారడమూ తక్కువే. దీని చిక్కులు నిజమైన చిక్కులే: రంగు బట్టలను తెల్లగా చేసేస్తుంది, చిన్న ట్యూబు వీపుకు రాస్తే త్వరగా అయిపోతుంది. ముదురు రంగు తువ్వాలు, దుప్పటి దానికి దగ్గరగా ఉంచొద్దని వాడికి గట్టిగా చెప్పాను. ఇంకో మాట, ఈ మందు వేడికి చెడి బెంజీన్ అనే హానికర పదార్థం ఏర్పడే వీలుంది. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందున్న 95 ఉత్పత్తులను పరీక్షిస్తే ఎక్కువ వాటిలో అది లేదు, లేదా అతి స్వల్పంగా ఉంది, కొన్నిటిని మాత్రం వెనక్కి తీసుకున్నారు. తిరుపతి మే నెలలో బైకు డిక్కీలో, కిటికీ పక్కన ఎండలో ట్యూబు పెట్టకూడదు. చల్లటి చోట పెట్టి, గడువు చూసి వాడాలి.

దురద పొక్కులైతే ఈ రెండూ సరైన జవాబు కావు. ఫంగస్‌ను అణిచే కీటోకోనజోల్ రెండు శాతం ఉన్న షాంపూ మేలు. తడి వీపుకూ ఛాతీకీ రాసి, ఐదు నిమిషాలాగి కడగాలి. కొన్ని వారాలు వాడినా తగ్గకపోతే మింగే మందు అవసరం కావచ్చు, అది డాక్టర్ చెప్పాల్సిందే. కొందరికి మొటిమలూ ఫంగస్ పొక్కులూ కలిసే ఉంటాయి.

ఇక ఇంటి వైద్యం. "మామిడిపండ్లు తిని ఒళ్ళు వేడి చేసింది" అని మా అక్క తీర్పు చెప్పేసింది. చిత్తూరు జిల్లాలో పుట్టి వేసవిలో మామిడి మానేయమంటే ఎలా? మామిడికీ మొటిమలకీ ముడిపెట్టే గట్టి ఆధారం లేదు. చక్కెర ఎక్కువున్న తిండి, పాలు కొందరిలో మొటిమలు పెంచుతాయన్న సంకేతాలు మాత్రం ఉన్నాయి. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు తాగే వే ప్రొటీన్ పాల నుంచి వచ్చేదే. పొక్కులున్న వీపుకు కొబ్బరినూనె మర్దనా మంచిది కాదు, అది రంధ్రాలను మూస్తుంది. పీచుతోనో, గరుకు సున్నిపిండితోనో గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది. తలస్నానం చేశాక కండిషనర్ జారిన వీపును మళ్ళీ కడగాలి. అలిపిరి మెట్లు, 3,550 మెట్లు, ఎక్కి దిగిన రోజున తడిసిన చొక్కా వెంటనే మార్చుకోవాలి. బ్యాగు పట్టీల రాపిడి కూడా మొటిమలను రేపుతుంది. మావాడి భుజాల మీద పట్టీలు ఆనే చోటే ఎక్కువ ఉన్నాయి.

ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలని వాడికి చెప్పాను. గడ్డలు కట్టి, గుంటల మచ్చలు పడుతుంటే మాత్రం అన్ని వారాలు ఆగకూడదు, చర్మవైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. అలాంటి వారికి ఐసోట్రెటినోయిన్ మాత్రలు గొప్పగా పనిచేస్తాయి. కానీ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తాయి కనుక ఆడవారు ఆ జాగ్రత్తలు తెలుసుకోకుండా మొదలుపెట్టకూడదు. చంకల్లో, గజ్జల్లో మళ్ళీ మళ్ళీ గడ్డలు లేస్తుంటే అవి మొటిమలు కాకపోవచ్చు, అది వేరే జబ్బు.

నలుగు రోజున మా అక్క అత్తలకు ముందే చెప్పింది, వాడి వీపు మీద సున్నిపిండి రుద్దొద్దని. వాళ్ళు పసుపు చేత్తో తాకించి వదిలేశారు. ఎర్రటి పొక్కులు మూడో నాలుగో మిగిలాయి. నల్లమచ్చలు ఇంకా చాలానే ఉన్నాయి, అవి పోవడానికి నెలలు పడుతుంది. వాడు చొక్కా తీసి పీట మీద కూర్చున్నాడు.