నడిచి వెళ్లి కొట్టాలా, నీటి దగ్గర మాటేయాలా? ఆఫ్రికాలో విల్లు వేట

దక్షిణాఫ్రికాకో నమీబియాకో విల్లుతో వేటకెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. గాలి చూసుకుంటూ, జాడ పట్టుకుని కాలినడకన జంతువు దగ్గరికి చేరడం ఒక పద్ధతి. నీటిగుంట పక్కన గోతిలోనో గుడిసెలోనో కూర్చుని, అది దాహానికి వచ్చేదాకా కాయడం రెండోది. నడకే అసలు వేట, మాటు సోమరి పని అని చాలామంది తేల్చేస్తారు. విల్లు మీద బతికేవాళ్లు అలా అనుకోరు.

టాంజానియాలో ఎయాసి సరస్సు చుట్టూ ఉండే హడ్జాలు పగలు ఒంటరిగా నడిచి వేటాడతారు. వానల్లేని కాలం చివర్లో నీరు కొద్దిచోట్లే మిగిలినప్పుడు రాత్రిళ్లు గుంటల దగ్గర మాటేస్తారు. సింహం, చిరుత కూడా ఆ నీటికే వస్తాయి కాబట్టి ఇద్దరు కలిసి కూర్చుంటారు. కాలాన్ని బట్టి పద్ధతి మారుతుంది, అంతే. పైగా పెద్ద జంతువుకి వాళ్లు వేసే బాణం ములికికి విషం ఉంటుంది. మన నర్సరీల్లో కుండీల్లో అమ్మే అడీనియం ఉంది చూడండి, ఆ జాతి మొక్క నుంచి తీసే విషం అందులో ఒకటి. కలహారీ ఎడారిలోని సాన్ జాతివాళ్లు డయాంఫీడియా అనే పెంకుపురుగు లార్వాల రసం పూస్తారు. వాళ్ల విల్లు చిన్నది, బాణం తేలిక. విషం రక్తంలో కలిస్తే చాలు, ఆ తర్వాత గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి జాడ వెంట నడుస్తారు.

కప్పీలతో పనిచేసే ఆధునిక కాంపౌండ్ విల్లు పట్టుకున్నవాడికి ఈ వెసులుబాటు లేదు. బాణం రెండు ఊపిరితిత్తులనీ చీల్చాలి, లేదా గుండెకి తగలాలి. అందుకే నడకా మాటేయడమా అన్న ప్రశ్న చివరికి దూరం దగ్గర, జంతువు నిదానంగా ఉందా బెదిరి ఉందా అన్న దగ్గర తేలుతుంది.

లెక్క వేసి చూద్దాం. బాణం వేగం సెకనుకి 82 మీటర్లు, అంటే 270 అడుగులు అనుకోండి. నడకలో మామూలుగా దొరికే 35 మీటర్ల దూరానికి బాణానికి 0.43 సెకను పడుతుంది. అల్లెతాడు చప్పుడు మాత్రం 0.10 సెకనుకే చేరుతుంది. మిగిలిన 0.33 సెకను జంతువు చేతిలో ఉన్నట్టే. ఇంపాలా అనే జింక పరుగుకి ముందు కాళ్లు మడిచి ఒంటిని కిందికి దించుతుంది. గుండెకి గురిపెట్టిన బాణం వెన్ను పక్క కండలో దిగుతుంది, లేదా మీది నుంచే పోతుంది. మాటు దగ్గర 18 మీటర్లలో ఆ వ్యవధి 0.17 సెకను. చప్పుడు విని ఒళ్లు కదిలేలోపే బాణం తగిలి ఉంటుంది.

మరి నడకలో ఏముంది? వేట తెలిసినవాళ్లకి అందులో ఉన్నంత పని ఇంకెక్కడా లేదు. తెల్లవారాక ఎత్తైన రాతిగుట్ట ఎక్కి 10×42 బైనాక్యులర్‌తో మేత ముగించి నీడకి చేరుతున్న జంతువులని వెతకాలి. నిలబడినదాని కన్నా పడుకున్నదాన్ని చేరడం తేలిక, తొందరపడక్కర్లేదు. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని ప్రతి యాభై అడుగులకీ ఒక్క నొక్కు నొక్కి గాలివాటు చూడాలి. ఎండ ముదిరే కొద్దీ నేల వేడెక్కి గాలి సుడి తిరుగుతుంది. ఎదురుగాలి నమ్ముకుని వెళ్లినవాడి వాసన నిమిషంలో జంతువు ముక్కుకి చేరుతుంది. మధ్యాహ్నపు ప్రయత్నాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

చివరి అరవై మీటర్లలో బూట్లు విప్పి మందపాటి ఉన్ని మేజోళ్లతో నడిచేవాళ్లున్నారు. ఇసుక నేల మీద బాగానే ఉంటుంది, తుమ్మజాతి ముళ్లు రాలిన చోట మాత్రం అరికాలు మిగలదు. అలాంటి చోట బూటు మీదే మేజోడు తొడుక్కోవడం మేలు. మీరు చూస్తున్న ఒక్క జంతువు కళ్లే కాదు, మందలోని ప్రతి జత కళ్లూ దాటాలి. గిన్నీకోళ్లు, జీబ్రాలు, బూడిదరంగు గో-అవే పక్షి, మేసే జంతువుల వీపు మీద వాలే ఆక్స్‌పెకర్లు, వీటిలో ఏది గోల చేసినా ఆ ప్రయత్నం అయిపోయినట్టే. లేచి ఇంకో మందని వెతుక్కోవాలి.

దూరం కొలిచే యంత్రం కూడా పొదల్లో మోసం చేస్తుంది. మధ్యలో ఉన్న గడ్డిపోచ దూరాన్ని చూపిస్తుంది. జంతువు పక్కనున్న చెట్టు మొదలుని కొలుచుకోవడం నయం. బాణం దారిలో వేలెడు పుల్ల ఉన్నా పక్కకి తిరుగుతుంది. జంతువు తల పొద వెనక్కి వెళ్లినప్పుడే విల్లు లాగాలి. తల బయటికొచ్చాక లాగితే ఆ కదలికే చాలు.

మాటులో కష్టం వేరే రకం, ముందే చేసుకోవాల్సిన పనిలో ఉంటుంది. సగం నేలలోకి దిగిన గోతిమాటు అన్నిటికన్నా మంచిది, కిటికీ నేలకి దగ్గరగా ఉంటుంది. దక్షిణార్ధగోళంలో చలికాలపు సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు కాబట్టి కిటికీ దక్షిణానికి తెరుచుకోవాలి. ఎండ లోపలికి పడదు, జంతువు మీద పడుతుంది. లోపల నల్ల బట్టలు వేసుకోవాలి, వెనక కిటికీలు మూసి ఉంచాలి. వెనక వెలుతురుంటే మీ నీడ బొమ్మలా కనిపిస్తుంది. లోపలికి దిగే ముందు టార్చి వేసి మూలలన్నీ చూడండి, చల్లటి గొయ్యి పాములకీ ఇష్టమే.

కొత్తవాళ్లు పాడుచేసేది కిటికీ అంచు దగ్గర. గురిచూసే గీత బాణానికి ఏడెనిమిది సెంటీమీటర్లు పైన ఉంటుంది. కంటికి దారి ఖాళీగానే ఉంటుంది, బాణం మాత్రం చెక్క అంచుకి తగిలి పక్కకి పోతుంది. ముందురోజే స్టూలు మీద కూర్చుని ఖాళీ విల్లు లాగి, విల్లు పైకొమ్మ కప్పుకి తగలకుండా, బాణం వెళ్లే దారి కిటికీ అంచుకి పైన ఉండేలా ఎత్తు సరిచేసుకోవాలి. లాగాక తాడు వదలకుండా నెమ్మదిగా వెనక్కి దించండి, బాణం లేకుండా వదిలితే విల్లు విరగొచ్చు. నిలబడి 70 పౌండ్ల బలమున్న విల్లు లాగేవాడికి కూర్చుని అది కష్టం, 60కి తగ్గించుకోవడంలో తప్పు లేదు.

గుంట దగ్గర ఇంకో చిక్కుంది. మంద గుమిగూడి తాగుతుంటే బాణం ఒకదాన్ని దూసుకుని వెనకున్న రెండోదానికి తగులుతుంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం రక్తం కారిన ప్రతి జంతువుకీ డబ్బు కట్టాలి, దొరికినా దొరకకపోయినా. వెనక ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. వానలు బాగా కురిసిన ఏడాదైతే మే, జూన్‌లలో ప్రతి పల్లంలోనూ నీరుంటుంది, మీ గుంటకి ఏదీ రాదు.

పరికరాలు రెండింటికీ దాదాపు ఒకటే. నమీబియా నిబంధనల్లో మెలికల కొమ్ముల కూడూ జింక వంటి పెద్ద జంతువుకి బాణం బరువు కనీసం 450 గ్రెయిన్లు, శక్తి 65 ఫుట్-పౌండ్లు. 500 గ్రెయిన్ల బాణం, అంటే సుమారు 32 గ్రాములు, సెకనుకి 260 అడుగుల వేగంతో వెళ్తే 75 ఫుట్-పౌండ్లు వస్తుంది. రెండంచులున్న, విచ్చుకోకుండా స్థిరంగా ఉండే ములికి చాలు. మాటుకైతే ఇంకా బరువైన బాణం వాడొచ్చు. వేగం తగ్గినా విల్లు చప్పుడు తగ్గుతుంది. గురి విషయంలో ఒక్క హెచ్చరిక: ఆఫ్రికా జింకజాతుల గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ల మధ్యలో, కిందగా ఉంటాయి. అమెరికన్ జింక బొమ్మల మీద సాధన చేసినవాళ్లు భుజానికి బాగా వెనక కొట్టి పేగుల్లో దింపుతారు. పక్కకి తిరిగి నిలబడితే ముందుకాలి వెంటే పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది మూడోవంతు దగ్గర ఆగండి.

నా తీర్పు జంతువుని బట్టి మారుతుంది. కూడూ, ఇంపాలాలకి మాటే. వాటి చెవులని నడిచి దాటడం అనుభవజ్ఞులకే అరుదు. వార్త్‌హాగ్ అనే అడవిపందికి నడక. దాని చూపు మందం, ముందు మోకాళ్ల మీద వంగి వేళ్లు తవ్వుకుంటూ లోకం మరిచిపోతుంది, మొదటి నడకవేటకి అంతకన్నా మంచి గురువు లేదు. గెమ్స్‌బాక్, స్ప్రింగ్‌బాక్ అనే జింకజాతులు రోజుల తరబడి నీరు తాగకుండా ఉండగలవు, వాటికోసం గుంట దగ్గర కూర్చున్నా ఎప్పుడొస్తాయో చెప్పలేం. పైగా అవి తిరిగేది బయలు నేల, అక్కడ 40 మీటర్లకి చేరడం చాలా కష్టం. ఆ రెండూ కావాలంటే రైఫిల్ తీసుకెళ్లమంటాను.

దెబ్బ తగిలాక రెండింటికీ తేడా ఉంటుంది. నడకలో బాణం వేసిన చోట జాడ ఒక్కటే ఉంటుంది, స్థానిక ట్రాకర్ ఇసుకలో దాన్ని అక్షరాల్లా చదువుతాడు. గుంట చుట్టూ వందల గిట్టల ముద్రలు కలిసిపోయి ఉంటాయి. అది ఏ పొద పక్కనుంచి పోయిందో కిటికీలోంచే గుర్తుపెట్టుకుని, దూసుకెళ్లిన బాణాన్ని ముందు తీసి చూడాలి. నురగతో గులాబీరంగు రక్తమైతే అరగంట ఆగి వెళ్లండి. ఆకుపచ్చ మడ్డి, పేడ వాసన ఉంటే పేగుకి తగిలినట్టు. కనీసం నాలుగు గంటలు కదలకూడదు, తరిమితే కిలోమీటర్లు పోతుంది. మధ్యాహ్నం మూడు దాటాక అలాంటి దెబ్బ తగిలితే రాత్రి హైనాలు, నక్కల పాలయ్యే ప్రమాదముంది. అందుకే చివరి వెలుతురులో, అనుమానమున్న కోణంలో బాణం వేయకూడదు. నడక మీద మోజున్నవాళ్లు జూన్‌లో వెళ్లి పొద్దున్న, సాయంత్రం నడిచి, గాలి సుడి తిరిగే పదకొండు నుంచి మూడు దాకా మాటులో కూర్చోవచ్చు. ఎలాగైనా ఒక్క జంతువు దొరికితే చాలనుకునేవాళ్లు నీరు కొద్దిచోట్లే మిగిలే సెప్టెంబరు పెట్టుకుని మాటులో కూర్చోండి.