ఒంగోలులో హార్మోనియం రిపేరు: క్వయర్ పెట్టె ఇవ్వదగ్గ కొట్టేనా?

ధైర్యంగా ఇవ్వొచ్చు. పెట్టె మూత తీయకముందే ఇక్కడ రెండు విషయాలు అడుగుతారు: బృందం ఎన్నో శ్రుతిలో పాడుతుంది, పక్కన కీబోర్డు ఉంటుందా అని. ఒకే స్వరం పాత పెట్టెలో 442 హెర్ట్జ్‌లో (సెకనుకు 442 కంపనాలు), కీబోర్డులో 440లో ఉంటే ఆ స్వరం సెకనుకు 2 సార్లు ఊగుతుంది. పాడేవాళ్ళు దేన్ని పట్టుకోవాలో తెలియక జారిపోతారు, మాట మాత్రం వాళ్ళ గొంతు మీదికొస్తుంది.

శ్రుతి చేసేటప్పుడు దగ్గరుండి చూడండి. రీడు అంటే గాలికి కంపించి స్వరమిచ్చే ఇత్తడి పట్టీ. దాని నాలుక కింద పలచని రేకు దూర్చి, కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, నాలుకని బిగించిన రివిట్ వైపు గీకితే తగ్గుతుంది. ఇక్కడ రెండు గీతలు గీకి, బిగించి, విని, మళ్ళీ తీస్తారు. ఆ ఓపికకే డబ్బివ్వాలి. ఒక్కసారే గట్టిగా గీకితే ఇత్తడి పలచనై రీడు కొన్నాళ్ళకు విరుగుతుంది.

లోటల్లా తిత్తి పనిలోనే. మడతల మూలల్లో తోలు ఎండి చిట్లినా పైపైన అతుకేసి ఇచ్చేస్తారు. అందుకని అక్కడే పరీక్షించుకోవాలి. గాలి దారిని మూసే స్టాపర్లన్నీ మూసి నాలుగైదుసార్లు గాలి కొడితే తిత్తి ఇక తోయనివ్వకుండా బిగుసుకోవాలి. చప్పున మెత్తబడితే గాలి పోతున్నట్టే, తీసుకోవద్దు. తర్వాత, ఆగకుండా ఒకే స్వరం మోగించే డ్రోన్ స్టాపర్లు తప్ప మిగతావి తెరిచి, మెట్లు (వేళ్ళతో నొక్కే కీలు) ముట్టకుండా గాలి కొట్టండి. ఏ స్వరమైనా దానంతటదే మోగితే స్ప్రింగు నీరసించి ఉండాలి, లేదా మెట్టు కింది తోలు గట్టిపడి ఉండాలి.

ఇవ్వాల్సిన నెల సెప్టెంబరు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలే. చెక్క ఉబ్బి మెట్లు ఒరుసుకుంటాయి, నొక్కితే లేవవు. క్రిస్మస్ ప్రాక్టీసు, ధనుర్మాసం భజనలు సరిగ్గా అప్పుడే. ఆ ఉబ్బు మీద చిత్రిక పట్టనివ్వకండి, ఎండాకాలానికి మెట్ల మధ్య సందులు పడతాయి.

1878 జులైలో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతమిది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి పాటల్ని రాగం, తాళం చూసుకుని పాడే అలవాటు ఇంకా ఉంది. అలాంటి పాటకి శ్రుతి నిలవకపోతే ఏ స్పీకరూ ఆదుకోదు. పెద్దలు కొన్న పెట్టెని మూలన పడేయకుండా ముందు ఇక్కడ చూపించండి.

శ్రుతి చేసిన రీడు వాయించేకొద్దీ కాస్త కదులుతుంది. పదిహేను రోజులయ్యాక మరోసారి తీసుకెళ్ళండి, దానికి మళ్ళీ డబ్బులడగరు.