డెబియన్‌తో నా ల్యాప్‌టాప్: వైఫై కుదిరింది, నిద్ర మాత్రం సగమే

2023 జూన్‌లో డెబియన్ 12 విడుదలైనప్పటి నుంచి నా ల్యాప్‌టాప్‌లో డెబియనే నడుస్తోంది. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే ఇది, లినక్స్ రకాల్లో ఒకటి. ఈ మధ్యే 13కి మారాను. ఏఎండీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆఫీసు పనీ, ఇంటి రాతకోతలూ అన్నీ దీంట్లోనే. లినక్స్ అనగానే అందరూ "ఏ డిస్ట్రో?" అని, అంటే ఏ రకం లినక్స్ అని అడుగుతారు. నన్నడిగితే, ముందు అడగాల్సింది లోపల ఏ చిప్పులున్నాయని.

మొదటి తలనొప్పి వైఫై. డెబియన్ వాళ్లు 2022లో ఓటింగ్ పెట్టుకుని, కంపెనీల సొంత ఫర్మ్‌వేర్‌ని (చిప్పు లోపల నడిచే ప్రోగ్రాం) కూడా ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని తీర్మానించారు. 12తో అది అమల్లోకి వచ్చింది. కానీ ఫర్మ్‌వేర్ ఉంటే సరిపోదు, కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, ఆ చిప్పుని నడిపే డ్రైవర్ కూడా ఉండాలి. 12లో ఉన్నది 6.1 కెర్నెల్, నా వైఫై చిప్పేమో దానికి తెలియనంత కొత్తది. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. నెట్ వెంటనే వచ్చింది, ఈ కిటుకు గుర్తుపెట్టుకోండి. ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన డ్రైవర్ కోడ్ దించి కంపైల్ చేస్తే (మెషీన్‌కి అర్థమయ్యే రూపంలోకి మారిస్తే) వైఫై పనిచేసింది. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికే. డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం పెట్టుకుంటే ఆ కంపైలింగ్ దానంతటదే అవుతుంది గానీ, సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని కాపలా) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్‌కి డిజిటల్ సంతకం పెట్టడం, ఆ సంతకం కీని మెషీన్‌లో నమోదు చేయడం అదనం. పొద్దున్నే మీటింగ్ పెట్టుకుని ఈ టెన్షన్ ఎవరు పడతారు?

ఇలా కాదని బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లాను. ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు కావాలంటే షాపులో కుర్రాడు 211 తీసి చేతిలో పెట్టాడు. "నంబరు పెద్దదే కదన్నా, ఇదే తీసుకో" అన్నాడు. బెంగళూరు నడిబొడ్డున అనంతపురం యాస విని ప్రాణం లేచొచ్చింది, కార్డు మాత్రం వెనక్కిచ్చేశాను. 201, 211 కార్డులు సగం పనిని ఇంటెల్ ప్రాసెసర్‌కే వదిలేస్తాయి, ఏఎండీ మెషీన్‌లో నడవవు. 200, 210లకు ఆ బాధ లేదు.

కార్డు మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాక, కార్డుకి ఉండేది ఒకే ఒక్క స్క్రూ. కష్టమంతా యాంటెన్నా వైర్లతోనే. నల్లదొకటి, తెల్లదొకటి, కొసన ఆవగింజంత గుండ్రటి లోహపు బిళ్ల. దాన్ని కార్డు మీది బొడిపెపై నిటారుగా ఆనించి గోటితో నొక్కితే టిక్కుమంటుంది. వంకరగా నొక్కితే బిళ్ల నలిగి సిగ్నల్ చస్తుంది. మూత బిగించి ఆన్ చేయగానే ఇంటి రౌటర్ పేరు కనిపించింది. ఆ రోజు నుంచి వైఫై ఊసే ఎత్తలేదు. 13లో కెర్నెల్ 6.12, తీసేసిన పాత కార్డుకి కూడా డ్రైవర్ ఇప్పుడు దాంట్లోనే ఉంది. ఇక దాన్ని మళ్లీ ఎవరు బిగిస్తారు!

మూత మూస్తే మెషీన్ పోయే నిద్ర సంగతి వేరు. ఈ మెషీన్‌లో పాతకాలపు ఎస్3 నిద్ర లేదు, ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంది. అంటే పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుందంతే. ఒకసారి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుపోయినప్పుడు ఒళ్లో ఉన్న బ్యాగు వెచ్చగా తగిలింది. తీసి చూస్తే ఫ్యాన్ తిరుగుతోంది, బ్యాటరీ సగానికి వచ్చింది. మెషీన్‌ని లేపుతున్నది టచ్‌ప్యాడ్. దాని వేకప్‌ని ఆపేశాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. హైబర్నేట్ (పనంతా డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోవడం) వాడదామంటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు డెబియన్ కెర్నెల్ దాన్ని ఒప్పుకోదు. నేను సెక్యూర్ బూట్‌నే ఉంచుకున్నాను. బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ చేస్తున్నాను.

సౌండు, కెమెరా, హెచ్‌డీఎంఐ, వెలుతురు తగ్గించే బటన్లు మొదటి రోజు నుంచే బాగున్నాయి. వేలిముద్ర సెన్సర్ పనిచేయదు, లినక్స్‌లో ఆ సెన్సర్లని నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్ జాబితాలో మా మోడల్ లేదు. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు నేను వాడే గ్నోమ్ 48 డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోనే ఉంది. రోజంతా చార్జర్ తగిలించి పనిచేసే నాలాంటివాళ్లకి అది వరం. తెలుగుకి ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. కీబోర్డుల్లో ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు తెలుగు కగప కూడా ఉంది. కగప అంటే కన్నడ గణక పరిషత్తు. బెంగళూరు వాళ్ల లేఅవుట్‌తో తెలుగు టైపు చేస్తున్నానన్నమాట.

ఇప్పుడు కొత్తది కొనాల్సొస్తే డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్తాను. డిస్కు జోలికి పోకుండా దాన్నుంచే బూట్ చేసి వైఫై పేర్లు వస్తున్నాయా, ఒక పాట మోగుతుందా, మూత మూసి తెరిస్తే తెర వెలుగుతుందా అని చూస్తే చాలు. దీనికి ఒప్పుకోని షాపులో నేనైతే కొనను.